వడ్డీ వ్యాపారిని కాదండీ, మిషనరీని

ఫిలిప్పీన్స్‌లో చామనఛాయ కుర్రాడొకడు గేటు ముందు నిలబడి పిలిస్తే లోపలివాళ్లకు ముందు గుర్తొచ్చేది అప్పు. మనవాళ్లను అక్కడ 'బుంబాయ్' అంటారు. బుంబాయ్ అంటే మోటార్‌సైకిల్ మీద వీధివీధీ తిరుగుతూ 'ఫైవ్-సిక్స్' వడ్డీకి డబ్బులిచ్చేవాడు. అయిదు వేల పెసోలు తీసుకుంటే ఆరు వేలు కట్టాలి, అదీ రోజువారీ వాయిదాల్లో. వీళ్లలో ఎక్కువమంది పంజాబీలు. బండి వెనక గొడుగులు, దోమతెరలు, టేబుల్ ఫ్యాన్లు కట్టుకుని అవీ వాయిదాల మీద అమ్ముతారు. అన్నం తినని పిల్లల్ని తల్లులు "బుంబాయ్ వచ్చి గోనెసంచిలో వేసుకుపోతాడు" అని బెదిరిస్తారు. ఆ దేశంలో నేను రెండేళ్లు తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్లతో ఇల్లిల్లూ తిరిగాను, మార్మన్ మిషనరీగా. మొదటి నెలల్లో నాకు ఎక్కువగా వినిపించింది కిటికీ సందులోంచి ఓ చిన్నపిల్ల గొంతు: "అమ్మ ఇంట్లో లేదని చెప్పమంది."

మాది రాజమండ్రి. మా సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్ని కూడా లేఖనంగా చదువుతాం కాబట్టి లోకం మమ్మల్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. తెలుగునాట ఈ సంఘం మొదలైన తీరు కూడా విచిత్రమే. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తున్న ధర్మరాజు గారు, ఆయన భార్య ఎల్సీ గారు అక్కడ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి తమ బంధువులకే ముందు చెప్పుకున్నారు. కొన్ని స్థానిక సంఘాలు కలిసి ఏర్పడేదాన్ని మేం స్టేక్ అంటాం. మన దేశంలో మొదటి స్టేక్ 2012లో ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే. అమ్మానాన్నలు నా చిన్నప్పుడు చేరారు. నాయనమ్మ మాత్రం చివరిదాకా లూథరన్. "బహుభార్యలోళ్ల గుడికి పోతున్నారు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ ఆచారాన్ని 1890లోనే ఆపేశారమ్మా అని నాన్న అంటే, "ఆపేశారంటే ఉండేదనేగా" అనేది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

మగపిల్లలు పద్దెనిమిది నిండాక రెండేళ్లు మిషన్‌కు వెళ్లొచ్చు. ఆడపిల్లలకు అప్పటి నియమం ప్రకారం పందొమ్మిది నిండాలి, ఏడాదిన్నర సేవ. జీతం ఉండదు. మా ఇంట్లో ఇవ్వగలిగింది ఇచ్చారు, మిగతాది సంఘం నిధి నుంచి వచ్చింది. ఎక్కడికి పంపాలో మనం కోరుకోవడం ఉండదు. డాక్టరు కాగితాలు, పళ్ల డాక్టరు కాగితాలు (పిప్పిపన్నుతో దేశం దాటనివ్వరు), బ్రాంచి ప్రెసిడెంటు (మా స్థానిక సంఘం పెద్ద) ఇంటర్వ్యూ అన్నీ అయ్యాక ఉత్తరం వస్తుంది. 2015లో నాకొచ్చిన దాని కింద అప్పటి సంఘాధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ సంతకం ఉంది. లోపల ఫిలిప్పీన్స్, ఏంజెలెస్ మిషన్ అని రాసుంది. బెంగళూరు వస్తుందనుకుని నాన్న అప్పటికే రైలు టైములు కనుక్కుని పెట్టాడు.

మనీలాను ఆనుకునే ఉన్న కెసోన్ సిటీలో శిక్షణ కేంద్రం. రోడ్డుకు అటువైపే మా సంఘం ఆలయం. ఆదివారం ఆరాధనకు వెళ్లే గుడి వేరు, ప్రత్యేకమైన విధుల కోసం కట్టే ఈ ఆలయం వేరు. 1984లో ప్రతిష్ఠించారు. మనకప్పుడు దేశంలో ఆలయం లేదు కాబట్టి నేను జీవితంలో మొదటిసారి లోపలికి వెళ్లింది అక్కడే. బెంగళూరులో కడతామని ప్రకటించింది 2018 ఏప్రిల్‌లో, నేను తిరిగొచ్చేశాక. శిక్షణలో పొద్దున్నుంచి రాత్రిదాకా తగలోగ్ భాష. తీరా నన్ను పంపింది ఏంజెలెస్ నగరం ఉన్న పంపాంగా ప్రాంతానికి. అక్కడి జనం ఇంట్లో మాట్లాడుకునేది కపంపంగాన్. తగలోగ్‌లో పాఠం చెప్తే మర్యాదగా విని, తర్వాత వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వేవాళ్లు. చాలారోజులు ఆ నవ్వు నా గురించేనని అనుకున్నాను. సగంసార్లు నిజమే.

రోజు ఆరున్నరకు మొదలు. అరగంట వ్యాయామం, స్నానం, పాండేసాల్ రొట్టెతో టిఫిన్, ఎనిమిదింటికి ఒంటరిగా లేఖనాలు, తొమ్మిదింటికి జతగాడితో కలిసి. పదింటికి వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి, పదిన్నరకు దీపం ఆపాలి. సోమవారం సగం రోజు సెలవు. ఆ సెలవులోనే బకెట్లో బట్టలుతుక్కోవడం, బజారు, ఇంటికి ఈమెయిలు. ఈమెయిలు పంపేది వీధి చివర 'పిసోనెట్' కొట్లో. డబ్బాలో ఒక పెసో బిళ్ల వేస్తే కొన్ని నిమిషాలు కంప్యూటరు పనిచేస్తుంది, మళ్లీ బిళ్ల వెయ్యాలి. పక్కన పిల్లలు తుపాకుల ఆటలాడుతూ అరుస్తుంటే నేను అమ్మకు 'ఆరోగ్యం బాగుంది' అని టైపు చేసేవాణ్ని. ఇంటికి ఫోను అప్పట్లో ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. వారం వారం మాట్లాడుకోవచ్చన్న మార్పు 2019లో వచ్చింది. ఇప్పటి పిల్లలు ఆ సంగతి చెప్తే నన్ను గుహమానవుణ్ని చూసినట్టు చూస్తారు.

ఈత కొట్టకూడదన్న నియమం మాత్రం నాకు మింగుడుపడలేదు. గోదావరిలో పెరిగినవాణ్ని. ఏప్రిల్ ఎండలో చెరువు గట్టు మీద టై కట్టుకుని నిలబడి, నీళ్లలో దూకుతున్న పిల్లలతో దేవుడి ప్రణాళిక గురించి మాట్లాడాలి.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి జతగాడు. మిషనరీ ఒంటరిగా ఉండకూడదు. ఇరవైనాలుగ్గంటలూ ఇద్దరూ ఒకరి కంటికి ఒకరు కనిపించాలి, మాట వినిపించాలి. ఎవరితో ఉండాలో మిషన్ ప్రెసిడెంటు నిర్ణయిస్తాడు. ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. నాకు పని నేర్పిన మొదటి జతగాడు 'ఇలోయిలో' అనే ఊరి కుర్రాడు, నాకన్నా ఏడాది పెద్ద. అక్కడి మిషనరీల వాడుకలో నేర్పినవాడు 'తాతాయ్', నేర్చుకున్నవాడు 'అనాక్', అంటే తండ్రీకొడుకులు. అతను గట్టిగా గురక పెట్టేవాడు, పాత్రలు తోమేవాడు కాదు, నేను ఇల్లు తలుచుకుని ఏడ్చిన రాత్రి ఏమీ అడక్కుండా గుడ్డు పగలగొట్టి అన్నంలో వేయించి పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లలో ఐడాహో నుంచి వచ్చిన అమెరికన్ కుర్రాడు వీధిలోకి వస్తే పిల్లలు గుంపుగా వెనకపడేవాళ్లు. మేమిద్దరం కలిసి నడుస్తుంటే మాత్రం జనానికి లెక్క కుదిరేది కాదు. తెల్లవాడు దేవుడి గురించి వచ్చాడు, సరే. బుంబాయ్ వాడితో ఎందుకున్నాడు? ఓ ముసలాయన చివరికి అడిగేశాడు: "ఈయన నీకు బాకీయా?"

తిండి విషయంలో నేను అదృష్టవంతుణ్ని. సినిగాంగ్ అంటే చింతకాయ పులుపుతో చేసే చారు, బెండకాయలు, ముల్లంగి, మాంసమో చేపో వేస్తారు. మొదటిసారి నోట్లో పెట్టుకోగానే నాకు తెలియకుండానే "అబ్బ" అన్నాను. పంపాంగావాళ్లు వంటలో దేశం మొత్తానికీ తామే గొప్పంటారు. పంది తల మాంసాన్ని సన్నగా తరిగి వేయించే సిసిగ్ పుట్టింది కూడా ఏంజెలెస్‌లోనే. పొలాల్లో పట్టిన కీచురాళ్లను వేయించి పెడితే కళ్లు మూసుకుని తిన్నాను, పంది రక్తం కూర మాత్రం ఎన్నడూ ముట్టలేదు. మా సంఘంలో కాఫీ, టీ, మద్యం, పొగాకు నిషిద్ధం. 1833 నాటి నియమం. ఊళ్లో కాఫీ ఇవ్వడమే మర్యాద కాబట్టి వద్దన్న ప్రతిసారీ కథంతా చెప్పాల్సి వచ్చేది. కొందరు గృహిణులు మా కోసం వేడి నీళ్లలో పంచదార కలిపి ఇచ్చేవాళ్లు. అది తాగాం.

అక్కడ గేటు దగ్గర తలుపు కొట్టరు, "తావ్ పో!" అని కేకెయ్యాలి. అలా కేకేసి నిలబడ్డ ఓ మధ్యాహ్నం, పక్క కిరాణా కొట్టు ముందు నిజం బుంబాయ్ ఒకాయన బండి ఆపాడు. యాభై దాటిన సర్దార్జీ. హిందీలో పలకరించాడు. నా హిందీ సంగతి రాజమండ్రి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. చివరికి ఇద్దరు భారతీయులం తగలోగ్‌లో మాట్లాడుకున్నాం, కొట్టు ఆవిడ నోరు తెరుచుకుని చూస్తుంటే. నా పనేమిటో విన్నాడు. ఈ ఎండ వేళ అందరూ పడుకుంటారు, ఎందుకు అరుస్తున్నావని కోప్పడ్డాడు. నాలుగు దాటాక రమ్మన్నాడు. కోడిపందేల రోజు మగవాళ్లతో మాట్లాడొద్దన్నాడు. "ఒక్కరోజు మానేస్తే ఇక రాడనుకుంటారు. వాన పడ్డా వెళ్లు. నీ దగ్గర తీసుకున్నవాడు నిన్ను తిట్టినా, నువ్వు వస్తావని మాత్రం నమ్మాలి" అన్నాడు.

శిక్షణ కేంద్రంలో చెప్పిన పాఠాలన్నిటికన్నా ఇదే నాకు పనికొచ్చింది. అంతవరకు విశ్వాసం అంటే లోపల ఏదో వెలగడం అనుకునేవాణ్ని. అది వెలగని రోజుల్లో నాలో ఏదో లోపమని దిగులుపడేవాణ్ని. నెల మొదటి ఆదివారం రెండుపూటల ఉపవాసం, ఆ భోజనం ఖర్చు బీదలకు, ఆరాధనలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. తోటివాళ్లు కన్నీళ్లతో చెప్తుంటే నాకు చెప్పడానికేమీ ఉండేది కాదు. సర్దార్జీ చెప్పాక, మంగళవారం నాలుగున్నరకు వస్తామంటే నాలుగున్నరకు వెళ్లడం మొదలెట్టాం. తలుపు తియ్యకపోతే మళ్లీ గురువారం. పాఠం వద్దంటే వడ్లు ఆరబెట్టడానికి చెయ్యేసేవాళ్లం. నెమ్మదిగా "అమ్మ లేదు" అనే పిల్లలు "అమ్మ స్నానం చేస్తోంది, కూర్చోండి" అనసాగారు. నాకు వెలుగు కనబడిందా అంటే, తక్కువసార్లే. ప్రార్థన మాత్రం ఆనాటి నుంచి నాకు మానసిక స్థితితో సంబంధం లేని పని అయింది.

అక్టోబరు 2015లో లాండో తుఫాను వచ్చింది. గాలి మమ్మల్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. ఎగువనున్న నువేవా ఎసిహా ప్రాంతంలో కురిసిన వాన నది వెంట దిగి తర్వాత పంపాంగా పల్లపు ఊళ్లను ముంచింది. ఎండ కాస్తుండగా వరద రావడం గోదావరి మనిషికి కొత్త కాదు. సంఘం సహాయ పనులకు వేసుకునే పసుపు చొక్కాలు తొడుక్కుని బియ్యం సంచులు మోశాం, మెట్ల మీద బురద గోకాం. ఆ వారం ఎవ్వరూ నన్ను బుంబాయ్ అనలేదు, పేరుబిళ్ల కూడా బురదలో కనబడలేదు.

నూటికి ఎనభై మంది దాకా కాథలిక్కులున్న దేశంలో భక్తి నేర్పడానికి వెళ్లామంటే నవ్వొస్తుంది. పవిత్ర వారంలో వీధుల్లో ముఖాలకు గుడ్డ కప్పుకున్న మగవాళ్లు చెప్పుల్లేకుండా, వెదురు పుల్లలు కట్టిన తాళ్లతో తమ వీపుల మీదే కొట్టుకుంటూ నడుస్తారు. శాన్ ఫెర్నాండోలోని శాన్ పెద్రో కుతుద్‌లో శుభ శుక్రవారం నాడు కొందరు నిజంగానే మేకులతో సిలువ ఎక్కుతారు. కాథలిక్ పెద్దలే వద్దంటున్నా ఆగదు. మేం చూడ్డానికి వెళ్లలేదు. మా వీధిలోంచి పోయినవాళ్లను చూడక తప్పలేదు. నా జతగాడు మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం జాతరల్లో నాలుకకు శూలం గుచ్చుకున్నవాళ్లు గుర్తొచ్చారు. మా వీధిలోంచి అలా కొట్టుకుంటూ పోయినవాళ్లలో ఒకాయన మాకు తెలిసిన ట్రైసికిల్ డ్రైవరు. కూతురి జ్వరం తగ్గితే చేస్తానని మొక్కుకున్నాడట. సోమవారం మా ఈమెయిలు కొట్టు దగ్గర వీపుకు మందు రాసుకుని యథాప్రకారం బండి తోలుతున్నాడు. అతని దగ్గరకు వెళ్లి మా పద్ధతి సరైందని చెప్పాలని నాకు అనిపించలేదు, చెప్పలేదు కూడా.

ఇక నేను ఇప్పటికీ మోస్తున్న సంగతొకటి. బాప్తిస్మం తీసుకోవాలంటే జంట చట్టప్రకారం పెళ్లయి ఉండాలి, లేదా విడిగా ఉండాలి. మా పాఠాలు వినేవాళ్లలో పెళ్లి కాగితం లేకుండానే పిల్లల్ని పెంచుకుంటున్న జంటలు చాలా. పెళ్లికి డబ్బులేక కొందరు. అలాంటివాళ్లకు దారి ఉంది. అయిదేళ్లకు పైగా కలిసి ఉండి, మరో అడ్డంకి లేకపోతే లైసెన్సు లేకుండానే పెళ్లి చేసుకోవచ్చని అక్కడి కుటుంబ చట్టం 34వ అధికరణం చెప్తుంది. మేయర్లు సామూహిక వివాహాలు కూడా జరిపిస్తారు. ఇంతకుముందు పెళ్లి కాలేదని 'సెనొమార్' అనే ధ్రువపత్రం తేవాలి. వాక్యం చెప్పడానికి వెళ్లిన నేను ఆ దరఖాస్తులు నింపడంలో బాగా ఆరితేరాను.

అడ్డంకి ఉన్నవాళ్ల సంగతి వేరు. ముస్లింలకు తప్ప మిగతావాళ్లకు ఆ దేశంలో విడాకులే లేవు. పాత పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవాలంటే ఏళ్లు పడుతుంది, ఖర్చు లక్ష పెసోలు దాటిపోతుంది. చిన్న కిరాణా కొట్టు నడిపే ఓ నానాయ్ (పెద్దావిడల్ని అమ్మా అన్నట్టు అలాగే పిలిచేవాళ్లం) పాఠాలన్నీ విన్నది. మార్మన్ గ్రంథం మొత్తం చదివింది, మా జతగాళ్లలో కొందరికన్నా శ్రద్ధగా. కాఫీ మానేసింది, కొట్లో సిగరెట్లు అమ్మడం మానేసింది. అది చిన్న నష్టం కాదు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి కుర్చీలు వేసేది. ఆవిడ మొదటి భర్త సౌదీ వెళ్లి మళ్లీ రాలేదు. తర్వాత ఇరవై ఏళ్లుగా ఇంకొకాయనతో ఉంటోంది, ముగ్గురు పిల్లలు. కాగితాల్లో మాత్రం ఇంకా ఆ మొదటాయన భార్యే. పాత పెళ్లి రద్దు కావాలి, లేదా ఈయన్ని వదిలెయ్యాలి. ఆ మాట చెప్పాల్సింది మేమే. ఇరవై ఏళ్ల నేను యాభై దాటిన మనిషికి చెప్పాను. ఆవిడ విని, "వదిలెయ్యను. ఆదివారం రావొచ్చు కదా?" అంది. రావొచ్చన్నాం. మరుసటి ఆదివారం కుర్చీలు వేసే ఉన్నాయి. నియమం ఎందుకుందో నాకు తెలుసు, కుటుంబం నిలబడాలనే. ఈవిడ విషయంలో అది నిలబడ్డ కుటుంబాన్నే బయట నిలబెట్టింది. దేవుడు దీన్ని వేరేగా చూస్తాడని నా నమ్మకం. ఇది సంఘం బోధ కాదు, నా సొంత అభిప్రాయమని ముందే చెప్తున్నాను.

2017 జనవరిలో ఫైవ్-సిక్స్ వ్యాపారుల్ని పట్టుకుని దేశం దాటించమని అధ్యక్షుడు దుతెర్తే ఆదేశించాడు. బండ్లు కొన్నాళ్లు మాయమయ్యాయి. మా సర్దార్జీ కూడా కనబడలేదు. వీధిలో ఆడవాళ్లు నన్ను ఆపి "నిన్ను పట్టుకోలేదా?" అని అడిగేవాళ్లు, బెంగతో కొందరు, ఎగతాళిగా కొందరు. తమాషా ఏమిటంటే ఆ బుంబాయ్‌లను తిట్టినవాళ్లే, ఇప్పుడు కొట్లో సరుకు వేయడానికి డబ్బెవరిస్తారని వాపోయారు. బ్యాంకు వాళ్ల గడప తొక్కదు, తాకట్టుకు ఏమీ లేదు. వడ్డీ అన్యాయమే, అయినా గేటు దాకా వచ్చేది అతనొక్కడే.

ఆ ఏడాది మధ్యలో తిరిగొచ్చాను. మా ప్రెసిడెంటు పేరుబిళ్ల తీసెయ్యమన్నాక రెండు మూడు వారాలు బజారుకు ఒంటరిగా వెళ్లడమే వింతగా ఉండేది, పక్కన ఎవరూ లేరని వెనక్కి చూసేవాణ్ని. "ఎంతమందిని కలిపావు?" అని అందరూ అడిగారు, నాయనమ్మ తప్ప. ఆవిడ "ఏం పెట్టారు తినడానికి?" అని అడిగింది, కీచురాళ్ల సంగతి చెప్తే నెలరోజులు ఊరంతా చెప్పింది. లెక్క అడిగినవాళ్లకు నేను సరిగ్గా జవాబివ్వను. ఎందుకంటే నేను ఎక్కువగా తలుచుకునే మనిషి ఆ లెక్కలో లేదు.

నానాయ్ కూతురు ఫేస్‌బుక్‌లో ఉంది, ఆ పిల్ల ద్వారా కబుర్లు తెలుస్తుంటాయి. పిల్లలు ముగ్గురూ సంఘంలో చేరారు. చిన్నవాడు తనూ మిషన్‌కు వెళ్తానంటున్నాడట. కొట్లో మిగిలింది కొంచెం కొంచెం కూడబెట్టి ఆవిడ ఆఖరికి లాయర్ని పెట్టుకుంది, పిటిషను వేసింది, వాయిదాలు నడుస్తున్నాయి. కిందటేడు నా పెళ్లి ఫోటోలు పంపాను. శుభాకాంక్షల కన్నా ముందు ఆవిడ కూతురి చేత అడిగించింది, మీ దేశంలో పెళ్లి కాగితం చేతికి రావడానికి ఎన్ని రోజులు పట్టిందని.